మగపిల్లాడు పొత్తికడుపు నొప్పి అంటే చెడ్డీ లోపల కూడా చూడాలి

ఆదోని నుంచి ఒక తల్లి రెండు ప్రశ్నలు అడిగారు. 12 ఏళ్ల పెద్దబ్బాయి ఆదివారం అర్ధరాత్రి పొత్తికడుపు పట్టుకుని లేచాడట. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, కాళ్లు ఎడంగా పెట్టి నడిచాడు, చూపించరా అంటే చూపించలేదు. వేడి చేసిందని అత్తగారు బొడ్డుకి ఆముదం రాసి, నన్నారి తాపించారు. తెల్లవారేసరికి నొప్పి దానంతటదే పోయింది, ఇప్పుడు మామూలుగా ఆడుకుంటున్నాడు. చూపించాలా, వద్దా? రెండోది నాలుగేళ్ల చిన్నోడి సంగతి. ముందరి చర్మం వెనక్కి రావడం లేదు, ఉచ్చ పోసేటప్పుడు అక్కడ ఉబ్బుతోంది. రోజూ నూనె రాసి కొంచెం కొంచెం వెనక్కి లాగమని ఎవరో చెప్పారు. లాగొచ్చా?

అమ్మా, ముందు సూటిగా చెప్తాను. పెద్దోణ్ణి రేపే సర్జన్‌కి చూపించండి. చిన్నోడిది లాగొద్దు.

ఇక వివరంగా. నేను కర్నూలులో పిల్లల సర్జరీ వార్డులో చాలా ఏళ్లు నర్సుగా చేశాను. డాక్టర్‌ని కాను, చెయ్యి పెట్టి చూసి తేల్చాల్సింది వాళ్లే. కానీ ఏ పిల్లాడిని ఎత్తుకుని పరుగెత్తాలి, ఏ పిల్లాడికి సోమవారం దాకా ఆగొచ్చు అన్నది ఆ గుమ్మం దగ్గర పనిచేసినవాళ్లకి బాగా తెలుస్తుంది.

మీ పెద్దోడి విషయంలో నాకు భయం వేసింది కడుపు గురించి కాదు. రక్తనాళాలున్న ఒక సన్నటి తాడుకి బీజం, అంటే వృషణం, సంచిలో వేలాడుతుంటుంది. కొందరికి పుట్టుకతోనే అది సంచి గోడకి సరిగా అతుక్కోదు, లోపల తిరిగేంత వదులుగా ఉంటుంది. ఒక్కోసారి చేదబావి తాడు మెలిపడ్డట్టు మెలిపడుతుంది, రక్తం ఆగిపోతుంది. డాక్టర్లు టెస్టిక్యులర్ టార్షన్ అనేది దీన్నే. పుట్టిన కొత్తల్లో కొందరికి వస్తుంది, మళ్లీ 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఎక్కువ. మిగతా వయసుల్లో రాదని కాదు. ఆటల్లో దెబ్బ తగిలాక రావచ్చు, ఏ కారణమూ లేకుండా నిద్రలోనే రావచ్చు.

దీంతో వచ్చిన తంటా ఏమిటంటే నొప్పి ఒకచోట, పిల్లాడు చూపించేది ఇంకోచోట. బీజాలకి వెళ్లే నరాలు కడుపులోంచి వచ్చేవే కాబట్టి పొత్తికడుపులోనో, గజ్జల్లోనో నొప్పిగా తెలుస్తుంది. వాంతులు కూడా అవుతాయి. ఇంట్లోవాళ్లు నిన్న తిన్న పునుగుల మీద అనుమానపడతారు, పక్కింటివాళ్లు గ్యాస్ అంటారు, ఆర్‌ఎంపీ కడుపు నొప్పి ఇంజెక్షన్ వేస్తాడు. పైగా పదేళ్లు దాటిన మగపిల్లాడికి సిగ్గు. ‘కడుపు నొప్పి’ అనేది వాడు అమ్మ ముందు చెప్పగలిగిన మాట, మిగతాది నోట్లోంచి రాదు. అందుకే క్యాజువాలిటీలో అనుభవమున్న సర్జన్ ఎవరైనా, కడుపు నొప్పి అని మగపిల్లాణ్ణి పట్టుకొస్తే పొట్ట నొక్కడంతో ఆపరు. కర్టెన్ లాగి చెడ్డీ తీయించి చూస్తారు. మెలిపడిన వైపు బీజం రెండోదానికంటే పైకెక్కి, అడ్డంగా తిరిగి ఉంటుంది. వేలు తగలనివ్వడు. తొడ లోపలివైపు మెల్లగా గీస్తే మామూలుగా ఆ వైపు బీజం పైకి కదులుతుంది, మెలిపడితే చాలావరకు కదలదు. ఇవి డాక్టర్ చూసుకునే గుర్తులు, మీరు ఇంట్లో పరీక్షలు పెట్టకండి. ఒకవైపు వాచిందా, ఎర్రబడిందా, పైకి పోయిందా, ముట్టుకుంటే అరుస్తున్నాడా అని చూస్తే చాలు.

చూపించనంటే బలవంతం పెట్టకండి. నాన్నో, మేనమామో గదిలోకి తీసుకెళ్లి అడగాలి. అదీ కాదంటే ‘నువ్వే చూసుకుని చెప్పు నాయనా, రెండూ ఒకేలా ఉన్నాయా?’ అని అడిగి బయట నిలబడండి. ఇంకా మంచిది, నొప్పి లేని రోజుల్లోనే పదేళ్ల పిల్లాడికి ఒక మాట చెప్పి పెట్టడం: అక్కడ నొప్పొస్తే అర్ధరాత్రైనా మమ్మల్ని లేపు, ఎవరూ నవ్వరు, తిట్టరు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు, మన ఇళ్లల్లో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక టైము సంగతి. నొప్పి మొదలైన 6 గంటల లోపు మెలి విప్పితే బీజం చాలావరకు నిలుస్తుంది. 12 గంటలు దాటితే అవకాశం బాగా పడిపోతుంది, ఒక రోజు దాటాక దక్కేది అరుదు. మన జిల్లాల్లో ఈ 6 గంటలు ఎలా కరిగిపోతాయో చూడండి. రాత్రి రెండింటికి నొప్పి. తెల్లవారనిద్దాం అని ఆరు దాకా ఆగారు. క్లినిక్ తెరిచేది తొమ్మిదిన్నరకి. ఆయన స్కాన్ రాస్తాడు, స్కానింగ్ సెంటర్‌లో టోకెన్ వచ్చేసరికి పదకొండు. రిపోర్ట్ చూసి కర్నూలు పొమ్మంటారు. ఆదోని నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, ఎమ్మిగనూరు దాటి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. పన్నెండు గంటలు అయిపోయాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు, అందరూ తమకు తోచిన మంచే చేశారు. అయినా బీజం పోయింది. కాబట్టి ఉన్నట్టుండి అక్కడ గట్టి నొప్పి మొదలైనా, పైన చెప్పిన వాపో ఎరుపో కనిపించినా మధ్యలో మజిలీలు పెట్టుకోకుండా ఆపరేషన్ జరిగే చోటికే నేరుగా వెళ్లాలి. రక్తం ఆడుతోందో లేదో చూపించే డాప్లర్ స్కాన్ పనికొచ్చేదే. కానీ గుర్తులు స్పష్టంగా ఉంటే స్కాన్ కోసం ఆగకుండా సర్జన్లు థియేటర్‌కి తీసుకెళ్తారు. అలా తీసుకెళ్తుంటే ‘స్కాన్ కూడా తీయకుండా కోస్తారా’ అని గొడవ పెట్టుకోకండి. గంటలు దాటిపోయినా సరే, వెళ్లండి. మెలి ఎంత బిగిసిందన్నదాన్ని బట్టి కొందరికి ఆలస్యంగా వచ్చినా దక్కుతుంది.

మరి మీవాడికి నొప్పి తగ్గిపోయింది కదా? తగ్గడంలో రెండు రకాలు. ఒకటి, మెలి దానంతటదే విడిపోవడం. రెండోది, లోపల బీజం చచ్చిపోయాక నొప్పి మొద్దుబారడం. రెండోదైతే వాపు, రంగు మారడం మిగులుతాయి. మీవాడు పరుగులు పెడుతున్నాడంటే అది కాకపోవచ్చు. కానీ ఇలా పడి, విడి, మళ్లీ పడే మెలికలు కొందరికి ఉంటాయి. ఈసారి విడింది, వచ్చేసారి విడకపోవచ్చు. సర్జన్ చూసి అదే అనుకుంటే చిన్న ఆపరేషన్‌తో రెండు వైపులా కుట్లు వేసి బిగిస్తారు, ఎందుకంటే ఒకవైపు వదులుగా ఉంటే రెండోవైపు కూడా అలాగే ఉండే అవకాశం ఎక్కువ. ఏమీ లేదంటే అంతకంటే కావాల్సిందేముంది. ఈలోపు మళ్లీ నొప్పి వస్తే మాత్రం రేపటి దాకా ఆగేది లేదు, అప్పుడే బయల్దేరాలి. అత్తగారిని ఏమీ అనకండి. ఆముదం వల్ల హాని ఏమీ జరగలేదు, అది పనిచేసిందనే నమ్మకం వల్లే రెండోసారి ఆలస్యం అవుతుంది.

వాచిన ప్రతిదీ మెలి కాదు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో బీజం పైన ఉండే చిన్న తోకలాంటి భాగం మాత్రమే మెలిపడుతుంటుంది. చర్మం కింద నీలం చుక్క కనిపిస్తుంది ఒక్కోసారి, విశ్రాంతి, నొప్పి మాత్రలతో వారం పది రోజుల్లో తగ్గుతుంది. గవదబిళ్లలు వచ్చిన కొన్ని రోజులకి వయసొచ్చిన మగపిల్లలకి బీజం వాయొచ్చు. కాళ్ల మీద ఊదారంగు మచ్చలు, కీళ్ల నొప్పులతోపాటు సంచి వాచే జబ్బు ఇంకొకటి ఉంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి ఇదీ అదే అయ్యుంటుందిలే అని ఇంట్లో తేల్చుకోవద్దు, అంతే.

పసిబిడ్డల దగ్గరికి వస్తే గజ్జల్లో వాపు వేరే కథ. ఏడ్చినప్పుడు, ముక్కినప్పుడు గజ్జల్లోనో సంచిలోనో ఉబ్బి, నిద్రపోయాక తగ్గిపోతే అది హెర్నియా, అంటే పేగు గజ్జల్లోకి జారడం, కావచ్చు. నెలలు తక్కువ పుట్టిన పిల్లల్లో ఎక్కువ. దానికి ఆపరేషన్ తప్పదు, తేదీ తీసుకుని చేయించుకోవాలి. కానీ ఆ ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, బిడ్డ ఊరుకోకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటుంటే పేగు ఇరుక్కుపోయినట్టు. పచ్చటి వాంతి అయితే మరీను. అప్పుడు తేదీ కోసం ఆగరాదు, ఆ గంటే వెళ్లాలి. నొప్పి లేకుండా మెత్తగా, టార్చ్ పెడితే వెలుతురు ఆరపారగా కనిపించే నీటి సంచి, అంటే పసిపిల్లల వరిబీజం, చాలామందిలో ఏడాది రెండేళ్లలో పోతుంది. టార్చ్ పరీక్ష మీద మాత్రం మరీ నమ్మకం పెట్టుకోవద్దు, పసిబిడ్డల పేగులోంచి కూడా వెలుతురు కనిపిస్తుంది. బీజం సంచిలోకి దిగనేలేదంటే అర్జెంటు కాదు, కానీ ఆరు నెలలు నిండినా దిగకపోతే సర్జన్ దగ్గరికి వెళ్లాలి, ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు ఆపరేషన్ అయిపోతే మంచిది. ‘పెద్దయ్యాక అదే దిగుతుంది’ అని పదో తరగతి దాకా ఆపినవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉంటారు.

మీ చిన్నోడి సంగతి. పుట్టినప్పుడు ముందరి చర్మం లోపల అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు, తీరే అంత. ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే విడుతుంది. కొందరికి మూడు నాలుగేళ్లకి, కొందరికి పదేళ్లు దాటాక. పోసేటప్పుడు ఉబ్బినా ధార బాగా వస్తుంటే, నొప్పీ జ్వరమూ లేకపోతే కంగారు పడనక్కర్లేదు. లోపల తెల్లగా ముత్యాల్లాంటి గడ్డలు కనిపిస్తాయి కొందరికి, చీము అనుకుని హడలిపోతారు. విడిపోతున్న చర్మం పొరలే అవి, వాటంతటవే బయటికి వస్తాయి. నలుగు పెట్టి, నూనె రాసి తలంటు పోసే అవ్వలు, మంత్రసానులు చర్మాన్ని కూడా వెనక్కి లాగి కడగాలని చెప్తారు. అలా లాగినప్పుడల్లా సన్నగా చీలుతుంది, మానేటప్పుడు గట్టిపడుతుంది, అప్పుడు నిజంగానే బిగుసుకుపోతుంది. లేని జబ్బు మనమే తెచ్చిపెట్టినట్టు. పైన నీళ్లు పోసి కడిగితే చాలు. చివర తెల్లగా గట్టి వలయం కట్టినా, మాటిమాటికీ ఎర్రబడి వాస్తున్నా, ధార దారంలా సన్నబడినా చూపించండి. చాలామందికి కొన్ని వారాలు పూతమందు రాస్తే సరిపోతుంది, కత్తి దాకా పోదు.

లాగొద్దు అనడానికి ఇంకో కారణం ఉంది, అసలు ఎమర్జెన్సీ అదే. బిగుతుగా ఉన్న చర్మాన్ని వెనక్కి లాగి, ముందుకి తేకుండా వదిలేస్తే మొన వెనకాల రింగులా పట్టేస్తుంది. మొన వాస్తుంది, వాచేకొద్దీ చర్మం ఇంకా ముందుకి రాదు, రక్తం ఆగుతుంది. పారాఫైమోసిస్ అంటారు. చల్లటి తడిగుడ్డ చుట్టి అరచేత్తో మెల్లగా కాసేపు అదిమి పట్టుకుంటే వాపు కొంత దిగుతుంది. దారిలో అది చేస్తూ ఆసుపత్రికి వెళ్లండి. ఐసు ముక్క నేరుగా పెట్టొద్దు.

సున్తీ చేయించే ఇళ్లవాళ్లకి ఒక మాట, కడపలో, కర్నూలులో ఇది చాలా అవసరం. ముందుగా బిడ్డకి ఉచ్చ పోసే రంధ్రం మొన మీదే ఉందా అని చూడండి. కిందివైపు ఉంటే సున్తీ చేయించొద్దు, ఎందుకంటే ఆ రంధ్రాన్ని సరిచేసే ఆపరేషన్‌కి ఆ చర్మమే కావాలి. ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం ఆగని గుణం ఉంటే అదీ చెప్పాలి. చేయించాక రక్తం కారుతూనే ఉన్నా, ఏడెనిమిది గంటలైనా ఉచ్చ పోయకపోయినా వెంటనే చూపించాలి.

జిప్పులో ఇరుక్కుంటే పైకీ కిందకీ లాగకండి. కొబ్బరినూనె పోసి ఒకసారి మెల్లగా చూసి, రాకపోతే ప్యాంటు కత్తిరించి జిప్పు అలాగే ఉంచి తీసుకురండి. మేము చేసేది చాలా సులువు. జిప్పు పట్టుకునే ముక్కకి రెండు పలకల మధ్య చిన్న కడ్డీ ఉంటుంది, కటింగ్ ప్లేయర్‌తో ‘టక్’మని అది కత్తిరిస్తే పళ్లు రెండుగా విడిపోతాయి. పసిబిడ్డ ఊరికే ఏడుస్తుంటే అంగం చుట్టూ వెంట్రుక చుట్టుకుందేమో కూడా చూడండి. కాన్పయిన తల్లికి జుట్టు రాలుతుంటుంది, పిల్లాడి గుడ్డల్లో చిక్కుకుంటుంది.

మూత్రం గురించి. మన ఎండల్లో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, పిల్లలకి ఉచ్చ పచ్చబడి మంట పుట్టడం మామూలే. మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా, నన్నారి అన్నీ తాపించండి, నేనూ తాపిస్తాను. కానీ ‘వేడి చేసింది’ అనే ఒక్క మాట కింద ఇన్ఫెక్షన్ దాక్కుంటుంది, రాయి దాక్కుంటుంది, షుగర్ దాక్కుంటుంది. నీళ్లు బాగా తాపించాక ఒక రోజులో తేటపడాలి. తేటపడకపోయినా, చలిజ్వరం వచ్చినా, నడుము పక్కన నొప్పి అన్నా పరీక్షకి ఇవ్వాల్సిందే. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 తాకితే కారణం వెతక్కుండా ఆసుపత్రికే. రెండేళ్ల లోపు పిల్లాడికి జలుబూ దగ్గూ లేకుండా జ్వరం తిరగబెడుతుంటే మూత్రం చూడమని మీరే అడగండి. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే మూత్రాన్ని కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి, ఇవ్వాలి, తర్వాత ఇస్తే ఏ క్రిమో తేలకపోవచ్చు.

కొత్తగా పుట్టిన మగబిడ్డ ఉచ్చ పోయడం ఒక్కసారైనా నిలబడి గమనించండి. ధార కట్టి దూరంగా పడాలి. బొట్లు బొట్లుగా, ముక్కుతూ పోస్తుంటే, పొత్తికడుపులో గట్టిగా ఉండలా తగులుతుంటే మూత్రనాళంలో అడ్డుపొరలు ఉండొచ్చు. ఇది మగబిడ్డలకే వస్తుంది, వదిలేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. గర్భంలో స్కాన్ తీసినప్పుడు కిడ్నీలో నీరు చేరిందని రాసి ఉంటే ఆ కాగితం పారేయకండి, పుట్టాక పిల్లల డాక్టర్‌కి చూపించండి.

పోస్తూ పోస్తూ మధ్యలో ధార ఆగిపోయి, పిల్లాడు అంగం పట్టుకు లాగుతూ ఏడుస్తుంటే మూత్రాశయంలో రాయి అని అనుమానించాలి. చెడు అలవాటు అనుకుని కొట్టినవాళ్లున్నారు. పొత్తికడుపు ఉబ్బి, పోయాలనిపించినా పోయలేకపోతే అది గంటల్లో తేలాల్సిన పని. విరేచనాలై 12 గంటలుగా ఉచ్చే రాకపోతే అది వేరే సంగతి, ఒంట్లో నీరు అడుగంటింది, అదీ అంతే అర్జెంటు.

గొంతు నొప్పి వచ్చిన వారం రెండు వారాలకో, గజ్జి పుండ్లు మానిన మూడు నుంచి ఆరు వారాలకో ఉచ్చ టీ డికాషన్ రంగులోకి మారి, పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బితే కిడ్నీ వాపు. బీపీ పెరిగి ఫిట్స్ దాకా పోతుంది, కాబట్టి అదే రోజు బీపీ చూపించండి. బీట్‌రూట్ తిన్నా, టీబీ మందులు వాడుతున్నా ఎర్రబడుతుందని గుర్తుంచుకోండి, ఊరికే టెన్షన్ పడకుండా. ఎప్పుడో పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ మొదలుపెట్టి, చెంబులకి చెంబులు నీళ్లు తాగుతూ చిక్కిపోతుంటే ఆ పూటే షుగర్ చూడాలి. వాంతులు, ఆయాసం కలిస్తే ఎమర్జెన్సీ.

సైకిల్ కడ్డీ మీదో, ప్రహరీ గోడ మీదో కాళ్లు చెరోవైపు పడి దెబ్బ తగిలితే, అంగం చివర రక్తం చుక్క కనిపించినా, పోయలేకపోయినా, కింద నల్లగా కమిలినా పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి. చిన్న క్లినిక్‌లో ఉచ్చకి పైపు వేయబోతే వద్దనండి, నాళం చీలి ఉంటే ఇంకా చీలుతుంది. పిల్లాడు చెప్పే కారణానికీ గాయానికీ పొంతన లేకపోతే గద్దించకుండా, వాడి తప్పేమీ లేదని చెప్పి, ఎవరైనా వాడిని ఏమైనా చేశారేమో అన్న అనుమానం కూడా డాక్టర్‌తో చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

ఎక్కడికి వెళ్లాలి అంటారా? కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్, అనంతపురం సర్వజన ఆసుపత్రి, మీకు ఏది దగ్గరైతే అది. ప్రైవేటుకి వెళ్లేటట్టయితే బయల్దేరేముందే ఫోన్ చేసి ‘పిల్లలకి మత్తిచ్చి ఆపరేషన్ చేసేవాళ్లు ఇప్పుడు ఉన్నారా’ అని అడగండి. ‘డాక్టర్ ఉన్నారా’ అని అడిగితే ఉన్నారనే అంటారు. బండి లేకపోతే 108. ఆపరేషన్ పడొచ్చని అనుమానముంటే దారిలో బిస్కెట్, పాలు, టీ ఏమీ పెట్టొద్దు, చివరగా ఎన్నింటికి ఏం తిన్నాడో గుర్తుంచుకోండి. ఆధార్, రేషన్ కార్డు వెతుకుతూ కూర్చోకండి, వెనకాల ఎవరైనా తెస్తారు. చీటీ రాసే దగ్గర ‘కడుపు నొప్పి’ అని చెప్తే లైన్లో కూర్చోబెడతారు. ‘రాత్రి రెండింటికి బీజం నొప్పి మొదలైంది, వాంతులయ్యాయి’ అని టైముతో సహా గట్టిగా చెప్పండి.